చర్చి మసీదయిందా? బ్రిక్ లేన్ మందిరం అసలు కథ



"లండన్‌లో చర్చి మసీదుగా మారిపోయింది, చూడండి" అంటూ ఇటువంటి ఫోటోలు మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడూ తిరుగుతుంటాయి. కింద ఎవరో ఒకరు ఏడుపు బొమ్మ పెడతారు, ఇంకొకరు అంత్యదినాలని రాస్తారు. ఆ చర్చిని ఎవరు కట్టారు, ఎవరు విడిచి వెళ్ళారు, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్ళింది అని మాత్రం ఎవరూ అడగరు. అలా చెప్పుకునే భవనాల్లో ఎక్కువగా వినిపించేది తూర్పు లండన్‌లోని బ్రిక్ లేన్ మసీదు. ఈ వారం దాని కథ మొదటినుంచీ చెప్పాలనుకుంటున్నాం. అందులో మన సంఘాలకు పనికివచ్చే పాఠం ఉందని మా నమ్మకం.

లండన్ పాత నగరపు గోడలకు కాస్త తూర్పున స్పిటల్‌ఫీల్డ్స్ అనే పేట ఉంది. అక్కడ బ్రిక్ లేన్, ఫోర్నియర్ వీధి కలిసే మూలమీద ఇటుకలతో కట్టిన పెద్ద భవనం నిలబడి ఉంది. ఫోర్నియర్ వీధి వైపు గోడమీద, బాగా ఎత్తున, ఒక నీడ గడియారం కనబడుతుంది. దానిమీద 1743 అనే సంవత్సరమూ, రెండు లాటిన్ మాటలూ చెక్కి ఉన్నాయి. మనం నీడలమని వాటి అర్థం. కట్టినవారు ఆ మాటలు ఎందుకు ఎంచుకున్నారో అర్థం కావాలంటే వారు ఎక్కడనుంచి వచ్చారో తెలియాలి.

మందిరాలు కూలిపోయినవారు కట్టిన మందిరం

ఫ్రాన్సు దేశంలో ప్రొటెస్టెంట్ విశ్వాసులను హ్యూగెనాట్లు అనేవారు. 1598లో నాంట్ శాసనం ద్వారా వారికి కొంతమేరకు ఆరాధనా స్వేచ్ఛ దొరికింది. 1685లో పద్నాలుగవ లూయీ రాజు ఆ శాసనాన్ని రద్దు చేశాడు. వారి మందిరాలను కూలగొట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. పాస్టర్లు రెండు వారాల్లో దేశం విడిచిపోవాలి. సామాన్య విశ్వాసులు మాత్రం పోవడానికి వీల్లేదు. పారిపోతూ దొరికిన మగవారిని ఓడల్లో తెడ్లు వేసే బానిసలుగా పంపేవారు. అయినా వేలకొద్దీ కుటుంబాలు రాత్రికి రాత్రే సరిహద్దులు దాటాయి. వారిలో సుమారు 50,000 మంది ఇంగ్లాండు చేరారని చరిత్రకారుల అంచనా. కాందిశీకులకు ఇంగ్లీషువారు ఈనాడు వాడే 'రెఫ్యూజీ' అనే మాట వీరితోనే ఆ భాషలోకి వచ్చింది.

వీరిలో చాలామంది పట్టు నేతగాళ్ళు. లండన్ నగరంలో వృత్తి సంఘాల కట్టుబాట్లు గట్టిగా ఉండేవి కాబట్టి, వాటి పట్టు తక్కువగా ఉన్న స్పిటల్‌ఫీల్డ్స్‌లో మగ్గాలు పెట్టుకున్నారు. మగ్గానికి వెలుతురు కావాలని ఇళ్ళ పై అంతస్తుల్లో పెద్ద పెద్ద కిటికీలు పెట్టించుకున్నారు. అలాంటి ఇళ్ళు ఆ వీధుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. కాస్త నిలదొక్కుకున్నాక, 1743లో, ఆ మూలమీద తమ భాషలో ప్రార్థించుకోవడానికి ఒక మందిరం కట్టుకున్నారు. దానికి ఫ్రెంచి భాషలో 'కొత్త చర్చి' అని పేరు పెట్టారు. సొంత దేశంలో తమ మందిరాలు కూలిపోయాయని తెలిసినవారి పిల్లలూ మనుమలూ కట్టిన మందిరమది. భవనాన్ని నమ్ముకోకూడదని వారికి మరొకరు చెప్పనక్కరలేదు. అందుకే గోడమీద నీడ గడియారం పెట్టి ఆ మాటలు చెక్కించారేమో అని మాకు అనిపిస్తుంది.

మచిలీపట్నం బట్టలమీద కోపం

ఈ పేట చరిత్రలో మన తెలుగువారికి సంబంధించిన పుట ఒకటి ఉంది. అప్పట్లో కోరమాండల్ తీరంనుంచి, మన మచిలీపట్నం రేవునుంచి కూడా, అద్దకం వేసిన నూలు బట్టలు ఓడలెక్కి ఇంగ్లాండు వెళ్ళేవి. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వ్యాపార స్థావరం పెట్టుకుంది. మన కలంకారీ బట్టలు అక్కడి ఆడవారికి ఎంతగానో నచ్చాయి. అవి తేలిక, చవక, ఉతికినా రంగు పోవు. దాంతో స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళ పొట్టమీద దెబ్బ పడింది. 1697లో నేతగాళ్ళ గుంపులు లండన్‌లోని కంపెనీ కార్యాలయంమీద పడ్డాయి. 1719లో అద్దకం బట్టలు కట్టుకుని వీధిలోకి వచ్చిన ఆడవారిమీద పడి, ఆ బట్టలు చించారు, వాటిమీద సిరా చల్లారు. చివరికి 1721లో పార్లమెంటు అద్దకం నూలు బట్టలు చాలావరకు కట్టుకోకూడదని చట్టమే చేసింది.

దిక్కులేక వచ్చి ఒక చోట నిలదొక్కుకున్నవారి పేట అది. ఆ పేటే ఇంకొక దేశపు నేతగాడి అన్నంమీద కోపం తెచ్చుకుంది. వారి ఆకలి నిజమే. మన తీరంలో అద్దకం వేసుకుని బతికేవారి ఆకలీ నిజమే. వీరు వారిని చూడలేదు, వారు వీరిని చూడలేదు. తరవాత ఆ పేటకు ఎవరు వచ్చినా ఇలాంటి కోపమే వారికి ఎదురైంది.

చేతులు మారిన తాళం

హ్యూగెనాట్ల మనుమలు ఇంగ్లీషు మాట్లాడారు, ఇంగ్లీషువారిని పెళ్ళాడారు, ఇంగ్లీషు చర్చీలకు వెళ్ళారు, ఆ పేట వదిలారు. ఫ్రెంచి ఆరాధనకు వచ్చేవారు తగ్గిపోయారు. 1809లో భవనం యూదుల మధ్య సువార్త ప్రకటించడానికి ఆ ఏడాదే ఏర్పడిన లండన్ సొసైటీ చేతికి వచ్చింది. ఆ పరిచర్య అక్కడ పదేళ్ళు నడిచింది గాని అనుకున్నంత ఫలితం కనబడలేదు. 1819లో మెథడిస్టులు వచ్చారు. వారు ఇంచుమించు 80 ఏళ్ళు అక్కడ ఆరాధించారు. ఆ మందిరంలో అందరికంటే ఎక్కువకాలం ఉన్నది వారే.

ఆ 80 ఏళ్ళలో పేట మళ్ళీ మారింది. 1826లో ఫ్రెంచి పట్టుమీద ఉన్న నిషేధం తీసేశారు. 1860లో ఫ్రాన్సుతో కుదిరిన వ్యాపార ఒప్పందంతో దిగుమతి సుంకమూ పోయింది. స్పిటల్‌ఫీల్డ్స్ మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. 1881లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ హత్య జరిగాక అక్కడి యూదులమీద దాడులు మొదలయ్యాయి. ఆ దాడులకూ, పేదరికానికీ తాళలేక 1914లోగా లక్షకు పైగా యూదులు బ్రిటన్ చేరారు. వారిలో ఎక్కువమంది ఓడ దిగిన రేవుకు దగ్గరగా, తూర్పు లండన్‌లోనే కాపురాలు పెట్టారు. బట్టలు కుట్టారు, చెప్పులు కుట్టారు. మెథడిస్టు చర్చి చుట్టూ ఉన్న ఇళ్ళలో మెథడిస్టులు లేకుండా పోయారు. 1898లో ఆ భవనం యూదుల సమాజమందిరం అయింది.

యూదులను క్రైస్తవులుగా మార్చడానికి తీసుకున్న భవనం 90 ఏళ్ళు తిరగకముందే యూదుల ప్రార్థనాస్థలం అయింది. దీన్ని చూసి నవ్వాల్సిన పనిలేదు, నొచ్చుకోవాల్సిన పనీలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1916నుంచి 1919 వరకు, ఆ సమాజమందిరానికి రబ్బీగా ఉన్న అబ్రహాం ఐజాక్ కూక్ తరవాత యెరూషలేములో ప్రధాన రబ్బీ అయ్యాడు. అక్కడ తోరా చదివిన పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవారు. 'వీళ్ళు తక్కువ కూలికి చేస్తారు, ఒకే గదిలో పదిమంది ఉంటారు, మన భాష రాదు' అనే మాటలు వారూ విన్నారు. వలస వచ్చేవారిని అడ్డుకోవడానికి 1905లో బ్రిటన్ ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది.

రెండవ ప్రపంచయుద్ధంలో తూర్పు లండన్‌మీద బాంబులు కురిశాయి. యూదుల పిల్లలు చదువుకుని, స్థితి బాగుపడి, లండన్ ఉత్తరపు పేటలకు వెళ్ళిపోయారు. 1970ల నాటికి సమాజమందిరంలో ప్రార్థనకు వచ్చేవారు కరువయ్యారు. అదే సమయంలో ఆ వీధుల్లోకి కొత్తవారు వచ్చి చేరారు. వారు ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంనుంచి వచ్చిన ముస్లిములు. ఆ ప్రాంతపు మగవారు బ్రిటిష్ ఓడల ఇంజను గదుల్లో బొగ్గు వేస్తూ ఎంతోకాలంగా లండన్ రేవుకు వచ్చిపోతూ ఉండేవారు. తరవాతివారు ఫ్యాక్టరీల్లోనూ, దర్జీ షాపుల్లోనూ పనికి కుదిరారు. 1976లో ఆ భవనం జామె మసీదు అయింది. 2009లో దాని పక్కన సుమారు 90 అడుగుల ఎత్తున, మినారును పోలిన ఉక్కు స్తంభం నిలిపారు. చారిత్రక కట్టడంగా చట్టం కాపాడుతున్న భవనం కాబట్టి పాత గోడలు అలాగే ఉన్నాయి. నీడ గడియారమూ అక్కడే ఉంది.

వీరికీ అదే స్వాగతం ఎదురైంది. 1978 మే 4న అల్తాబ్ అలీ అనే యువకుడు పని ముగించుకుని ఇంటికి వెళుతుండగా బ్రిక్ లేన్ దగ్గర్లోనే జాతి ద్వేషంతో పొడిచి చంపారు. అతడు బట్టలు కుట్టే పనివాడు. పది రోజుల తరవాత సుమారు 7,000 మంది అతడి శవపేటిక వెనక నడిచి ప్రధానమంత్రి ఇంటిదాకా వెళ్ళారు. అతడు హత్యకు గురైన చోటి పార్కుకు 1998లో అతడి పేరు పెట్టారు. ఆ పార్కు ఒకప్పటి సెయింట్ మేరీ చర్చి స్థలం. వైట్‌చాపెల్ అనే పేరు ఆ పేటకు ఆ తెల్లని చర్చి వల్లనే వచ్చింది. 1940 బాంబుదాడుల్లో చర్చి పోయింది. దాని ఆవరణకు ఇప్పుడు ఒక పేద వలస కార్మికుడి పేరు ఉంది.

కాబట్టి ఫోటో కింద రాసిన మాట పూర్తిగా అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఒకప్పుడు చర్చి అన్నది నిజం. ఇప్పుడు మసీదు అన్నదీ నిజం. కాని క్రైస్తవుల దగ్గరనుంచి ముస్లిములు దాన్ని తీసుకోలేదు. క్రైస్తవులు అక్కడినుంచి వెళ్ళిపోయింది 1890ల చివర్లో. ఆ తరవాత 70 ఏళ్ళకు పైగా అది యూదులది. ఏ ఒక్కరూ ఇంకొకరిని గెంటివేయలేదు. చుట్టుపక్కల ఇళ్ళలో మనుషులు మారినప్పుడల్లా తాళం చేతులు మారింది, అంతే. సగం కథ చెప్పి భయం పుట్టించడం అబద్ధ సాక్ష్యానికి ఎంత దగ్గరో, ఫార్వర్డ్ మీట నొక్కే ముందు ఒక్క క్షణం ఆలోచిద్దాం.

వీధికి రెండో చివర

కథ ఇంతటితో అయిపోలేదు. అదే ఫోర్నియర్ వీధి రెండో చివర క్రైస్ట్ చర్చ్ అనే గొప్ప ఆలయం ఉంది. లండన్‌లో కొత్త చర్చీలు కట్టాలని 1711లో పార్లమెంటు చట్టం చేస్తే, హాక్స్‌మూర్ అనే పేరుగాంచిన శిల్పి 1714నుంచి 1729 వరకు దాన్ని కట్టించాడు. కాందిశీకుల చర్చితో పోలిస్తే ధనమూ, అధికారమూ, ఎత్తైన గోపురమూ అన్నీ దానికే ఉన్నాయి. అయినా 1958లో పైకప్పు ప్రమాదకరంగా ఉందని దాన్ని మూసేశారు. ఆరాధన పక్కనే వేరొక హాలుకు మారింది. చర్చి నేలమాళిగలో మాత్రం 1965నుంచి తాగుడుకు బానిసలై వీధినపడ్డ మగవారికి ఆశ్రయం నడిపారు. పైన ఆరాధన ఆగిన రోజుల్లో కింద పరిచర్య సాగింది. 1987లో విశ్వాసులు మళ్ళీ పైకి వచ్చారు. 2004 నాటికి మరమ్మతులు పూర్తయ్యాయి.

ఫ్రెంచి ప్రొటెస్టెంట్ల సంఘం కూడా అంతరించలేదు. 1550లో ఆరవ ఎడ్వర్డు రాజు ఇచ్చిన అనుమతి పత్రంతో మొదలైన వారి సంఘం లండన్‌లోని సోహో స్క్వేర్‌లో, 1893లో కట్టిన మందిరంలో, ఇప్పటికీ ఆరాధిస్తోంది. బ్రిక్ లేన్ భవనం చేయి జారినా సంఘం చేయి జారలేదు. భవనం వేరు, సంఘం వేరు అని ప్రసంగాల్లో ఎన్నోసార్లు వింటాం. ఆ వీధిలో నడిస్తే ఆ మాట కంటికి కనబడుతుంది.

మన సంగతి ఏమిటి?

మన పట్టణాల నడిబొడ్డున కూడా మిషనరీల కాలంలో, దొరల కాలంలో కట్టిన ఆలయాలు ఎన్నో ఉన్నాయి. సికింద్రాబాదులోని సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. బ్రిటిష్ దండులోని సిపాయిల కోసం, అధికారుల కోసం కట్టినది. వారు వెళ్ళిపోయారు, ఈ రోజు అక్కడ మోకరించేది మనవారు. అంటే అలాంటి చోట్ల మనమే తరవాత వచ్చినవారం. వేరొకరి కానుకలతో, వేరొకరి చెమటతో లేచిన గోడల మధ్య కూర్చుని పాడుతున్నాం. ఈ సంగతి గుర్తుంటే ఆస్తి తగాదాల్లో మన గొంతు కొంత తగ్గుతుంది.

ఇంకొక మాట. ఆ పాత చర్చీల చుట్టూ ఇళ్ళు ఈనాడు ఎవరివి? విశ్వాసుల కుటుంబాలు ఊరి చివర అపార్టుమెంట్లకు మారాయి. ఆదివారం కార్లలో వచ్చి, ఆరాధన కాగానే వెళ్ళిపోతారు. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. చర్చి గేటు ఎదురుగా సందులో ఒడిశానుంచో, బీహారునుంచో వచ్చిన కూలీలు గదికి ఎనిమిది మంది చొప్పున అద్దెకు ఉంటారు. వారి గురించి మనం అనే మాటలు ఏమిటో ఒకసారి మనమే విందాం. తక్కువ కూలికి వస్తారు, ఒకే గదిలో ఉంటారు, మన భాష రాదు. ఈ మాటలు మనం పైన ఎక్కడో చదివినవే.

అదే సమయంలో మన తెలుగు విశ్వాసులు ఇంగ్లాండులో, అమెరికాలో, గల్ఫ్ దేశాల్లో ఎక్కడ ఆరాధిస్తున్నారు? చాలాచోట్ల వేరే సంఘం వారి మందిరంలో, వారి ఆరాధన ముగిశాక, మధ్యాహ్నమో సాయంత్రమో దొరికిన గంటల్లో. తాళం ఇచ్చిన ఆ సంఘం వారు మన పాటలు అర్థం కాకపోయినా తలుపు తీశారు. మన పిల్లలకు అక్కడ దొరికిన ఆ ఆదరణను, మన గేటు ముందు నిలబడిన పరాయి ఊరి బిడ్డకు మనం ఇస్తున్నామా?

పరదేశిని ప్రేమించమని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఇచ్చినప్పుడు దేవుడు వారికి చెప్పిన కారణం ఒక్కటే, వారూ ఐగుప్తులో పరదేశులుగా బతికినవారే. మందిరం ఉంది కదా, మనకేమీ కాదు అనుకున్న యూదా జనులను యిర్మీయా ప్రవక్త ఆ మందిరపు గుమ్మంలోనే నిలబడి హెచ్చరించాడు. పరదేశినీ, తండ్రిలేనివారినీ, విధవరాలినీ బాధపెట్టకుండా ఉంటేనే ఆ స్థలంలో వారికి నివాసమని చెప్పాడు. మందిరాన్ని ప్రేమించడం తప్పు కాదు. మందిరం చుట్టూ ఉన్న మనుషులను చూడకుండా మందిరాన్ని మాత్రమే కాపాడుకోవాలనుకోవడం తప్పు.

అందుకే సంఘ పెద్దలకూ, యౌవనస్థులకూ, స్త్రీల సమాజం వారికీ ఒక మనవి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే బండి తీయకండి. పదిమంది కలిసి మీ చర్చి చుట్టూ నాలుగు వీధులు నడవండి. ఎవరు ఉంటున్నారో, ఏ భాష మాట్లాడుతున్నారో, ఏ పని చేస్తున్నారో, పిల్లలు బడికి వెళుతున్నారో లేదో అడిగి తెలుసుకోండి. ఖాళీగా ఉండే సండేస్కూలు గది వారంలో ఆరు రోజులు ఎవరికి ఉపయోగపడుతుందో సంఘ కమిటీలో మాట్లాడండి. ఈ పనికి పెద్ద బడ్జెట్ అవసరం లేదు.

మందిరం కట్టడానికి జనులు బంగారమూ వెండీ కుప్పలుగా తెచ్చి ఇచ్చిన రోజున దావీదు చేసిన ప్రార్థన మొదటి దినవృత్తాంతముల గ్రంథం 29వ అధ్యాయంలో ఉంది. అంత ధనం ముందు నిలబడి కూడా, తామందరూ దేవుని ఎదుట పరదేశులమనీ, తమ దినాలు నీడవంటివనీ ఆ రాజు ఒప్పుకున్నాడు. బ్రిక్ లేన్ మూలమీద గోడకు చెక్కించినది ఇంచుమించు అదే సంగతి. ఫ్రెంచివారు, మెథడిస్టులు, యూదులు, బెంగాలీలు అందరూ దాని కిందనుంచే లోపలికి నడిచారు. ఇన్నేళ్ళలో ఏ ఒక్కరూ దాన్ని చెరిపివేయలేదు.

మనం కట్టిన మందిరాల్లో రేపు ఎవరు మోకరిస్తారో దేవునికి తెలుసు. ఈ రోజు గుమ్మం దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో మాత్రం మనం చూడగలం. ఆ చూపును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.